ఎర్రబడని చర్మంలో ఎరుపు కోసం వెతికితే

నర్సింగ్ సిలబస్‌లోకి వైవిధ్యం, సమన్యాయం, సమ్మిళితం అనే మూడు మాటలు రాగానే చాలా కాలేజీలు దాదాపు ఒకే పని చేస్తాయి. ఒక కొత్త యూనిట్ పెడతాయి, దానికి రెండు మూడు గంటలు కేటాయిస్తాయి. ఆ గంటల్లో నిర్వచనాలు, ఏ సంస్కృతివాళ్లు ఎలా ఉంటారో చెప్పే ఒక పెద్ద చార్టు, చివర్లో "మీ అభిప్రాయం ఒక పేజీలో రాయండి" అనే అసైన్‌మెంటు ఉంటాయి. పరీక్షలో ఐదు మార్కుల షార్ట్ నోట్ వస్తుంది. విద్యార్థులు ఆ ఐదు మార్కులూ తెచ్చుకుంటారు. మర్నాడు క్లినికల్ పోస్టింగ్‌లో, బాగా నల్లటి చర్మం ఉన్న రోగికి పడక పుండు మొదలవుతోందేమోనని మడమ చూసి "ఎరుపు లేదు, చర్మం మామూలుగా ఉంది" అని రోగి చార్టులో రాసి వస్తారు. నిన్నటి పాఠానికీ ఈ వాక్యానికీ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ విషయాన్ని విలువల పాఠంగా చెప్పినంత కాలం అది వార్డు దాకా చేరదని నా గట్టి నమ్మకం. చేరాలంటే స్కిల్స్ ల్యాబ్‌లో, ప్రొసీజర్ చెక్‌లిస్టులో, కేస్ షీట్‌లో, ఓస్కీ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్ష) మార్కుల్లో ఉండాలి. విద్యార్థులు దేనికి మార్కులుంటే దాన్నే నేర్చుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఏ కోర్సులోనైనా జరిగేది అదే.

ముందు చార్టు సంగతి. 2017లో పియర్సన్ సంస్థ ప్రచురించిన ఒక నర్సింగ్ పాఠ్యపుస్తకంలోని భాగం సోషల్ మీడియాలో తిరిగింది. నొప్పికి ఏ జాతివాళ్లు, ఏ మతంవాళ్లు ఎలా స్పందిస్తారో అందులో వరసగా రాశారు. నల్లజాతివాళ్లు మిగతావాళ్లకంటే నొప్పి ఎక్కువగా ఉందని చెబుతారని, యూదులు గట్టిగా చెప్పుకుని సహాయం కోసం పట్టుబడతారని, ఇలా. విమర్శ రావడంతో సంస్థ క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తొలగించింది. దాన్ని రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేను అనుకోను. "సాంస్కృతిక భేదాలు తెలుసుకోవాలి" అన్న సిలబస్ లైనుకు వాళ్లు శ్రద్ధగా ఇచ్చిన జవాబే అది. అసలు ఇబ్బంది కూడా అక్కడే ఉంది.

అలాంటి జాబితా మంచం పక్కన ఎలా పనిచేస్తుందో చూడండి. రోగి నొప్పి 10కి 8 అంటారు. "వీళ్లు ఎక్కువ చేసి చెబుతారు" అన్న లైను విద్యార్థి మనసులో ఉంటే, తనకు తెలియకుండానే అందులోంచి రెండో మూడో తీసేస్తారు. మందు ఆలస్యమవుతుంది, లేదా తక్కువ డోసు అడుగుతారు. 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు తెల్లజాతి మెడికల్ విద్యార్థులనూ రెసిడెంట్లనూ (శిక్షణలో ఉన్న డాక్టర్లనూ) అడిగితే, నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందన్నలాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటి నిజమేనన్నవాళ్లు దాదాపు సగం మంది తేలారు. అలాంటివి ఎక్కువగా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, వాళ్లు సూచించిన చికిత్స కూడా అంతగా సరిగ్గా లేదు. ఆ నమ్మకాలను చార్టుగా ముద్రించి పరీక్షలో అడిగితే తప్పుకు మార్కులు వేసినట్టే. అయినా చార్టు పోదు. ఎందుకంటే దానిమీద ఎంసీక్యూ రాయడం చాలా తేలిక.

చార్టు స్థానంలో ఏం పెట్టాలన్న ప్రశ్నకు నర్సింగ్‌లోనే పాత జవాబులున్నాయి. అమెరికా నర్సు మడలీన్ లైనింగర్ 1950ల నుంచి ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్‌కు పునాది వేశారు. నర్సు రోగి సంస్కృతిని అర్థం చేసుకోవాలన్నది ఆమె దారి. న్యూజీలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహాపేటి రామ్స్‌డెన్ ఇంకో మెలిక పెట్టారు. రోగి సంస్కృతి గురించి నర్సుకు ఎంత తెలుసన్నదాని కంటే, నర్సు చేతిలో ఉన్న అధికారం రోగిమీద ఎలా పనిచేస్తోందన్నది చూడాలన్నారు. సేవ సురక్షితంగా జరిగిందా లేదా అని చెప్పాల్సింది దాన్ని పొందినవాళ్లేనన్నారు. 1992లో న్యూజీలాండ్ నర్సింగ్ కౌన్సిల్ ఈ కల్చరల్ సేఫ్టీని నర్సింగ్ చదువులో తప్పనిసరి చేసింది. 1998లో అమెరికా వైద్యులు మెలనీ టెర్వలాన్, జాన్ మరే గార్సియా కల్చరల్ హ్యుమిలిటీ అన్నారు. ఇది నేర్చుకుని ముగించే విషయం కాదు, జీవితాంతం తనను తాను చూసుకుంటూ ఉండే అలవాటు అని వాళ్ల మాట.

సిద్ధాంతాల చరిత్ర ఇంతకంటే లోతుగా చెప్పక్కర్లేదని నా అభిప్రాయం. దాన్ని అరగంటలో ముగించి అసెస్‌మెంట్ ఫార్మాట్ చేతికివ్వాలి. వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ బృందం 1978లో ఇచ్చిన ఎనిమిది ప్రశ్నల్లోంచి నాలుగు తీసుకుంటే వార్డుకు సరిపోతాయి. ఈ జబ్బును మీరేమంటారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? దీని గురించి మీకు బాగా భయం వేసేదేమిటి? ఎలాంటి వైద్యం కావాలనుకుంటున్నారు? చీఫ్ కంప్లయింట్ (రోగి చెప్పే ప్రధాన ఇబ్బంది) కింద ఈ నాలుగింటికీ గడులు పెట్టి, జవాబు రోగి మాటల్లోనే రాయాలని నియమం పెట్టాలి. మూడు నాలుగు నిమిషాల పని. ఈ ప్రశ్నలు అందరినీ అడగాలన్నది ఇక్కడ ముఖ్యం. "వేరేగా కనిపించేవాళ్లను" మాత్రమే అడిగితే మళ్లీ చార్టు దగ్గరికే చేరతాం.

ఇప్పుడు చర్మం. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే ఫిజికల్ అసెస్‌మెంట్ పాఠంలో సగం వాక్యాలు రంగు మీద ఆధారపడ్డవి. ఎర్రబడటం, పాలిపోవడం, నీలంగా మారడం, పచ్చబడటం. ఇవన్నీ లేత రంగు చర్మాన్ని ముందు పెట్టుకుని రాసినవి. మానిక్విన్లు (ప్రాక్టీసు బొమ్మలు) కూడా ఎక్కువగా ఆ రంగువే.

ప్రెషర్ ఇంజురీ (ఒత్తిడి వల్ల వచ్చే పడక పుండు) మొదటి దశ నిర్వచనం చూడండి: చర్మం చెక్కుచెదరకుండా ఉండి, నొక్కినా తెల్లబడని ఎరుపు ఉండటం. ముదురు రంగు చర్మంలో ఇది వేరుగా కనిపించవచ్చని నిర్వచనంలోనే ఉంది. కానీ ఎలా చూడాలో చాలా క్లాసుల్లో చెప్పరు. ఫలితం ఊహించదగ్గదే. మొదటి దశ దాటిపోతుంది, చర్మం చిట్లాక రెండో దశలోనో, లోపలి కణజాలం దెబ్బతిని ఊదారంగు మచ్చ తేలాకో కనిపెడతారు. అప్పటికి పొజిషన్ మార్చి నయం చేయగల సమయం అయిపోయి ఉంటుంది.

ల్యాబ్‌లో నేర్పాల్సిన క్రమం ఇది. ముందు వెలుతురు: పగటి వెలుతురు గానీ తెల్లటి నిండు లైటు గానీ ఉండాలి. పసుపు బల్బు కింద చూడకూడదు, ఫోటో తీస్తే ఫ్లాష్ వాడకూడదు, మెరుపు అసలు రంగును మింగేస్తుంది. పౌడర్, క్రీమ్ ఉంటే తుడిచి, చర్మాన్ని కొద్దిగా తడి చేస్తే రంగు తేడా మెరుగ్గా తెలుస్తుంది. తర్వాత పోలిక: సేక్రమ్ (నడుము కింది ఎముక భాగం) చూస్తుంటే పక్కనున్న చర్మంతో, ఒక మడమ చూస్తుంటే రెండో మడమతో. "ఎర్రగా ఉందా" అని అడగకూడదు. "చుట్టుపక్కల కంటే ముదురుగా, ఊదాగా, నీలంగా, గోధుమగా, నిగనిగలాడుతూ ఉందా" అని అడగాలి. ఆ తర్వాత చేయి. వేళ్ల వెనకభాగంతో వేడి చూడాలి, పక్కకంటే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? వేళ్ల కొసలతో మెల్లగా నొక్కి చర్మం గట్టిపడిందా, మెత్తగా గుజ్జుగా ఉందా చూడాలి. చివరగా రోగిని అడగాలి: ఇక్కడ నొప్పి, మంట, దురద ఏమైనా ఉన్నాయా? ఒక్కోసారి రంగు మారకముందే నొప్పి మొదలవుతుంది.

గ్లవ్స్ వేసుకుంటే వేడి తేడా సరిగా తెలియదని విద్యార్థులు తరచూ చెబుతారు, నిజమే. చర్మం చిట్లకుండా, తడి లేకుండా, ఐసొలేషన్ జాగ్రత్తలేవీ లేనప్పుడు శుభ్రమైన చేత్తో తాకి చూడవచ్చా అన్నది అక్కడి ఇన్ఫెక్షన్ కంట్రోల్ నియమాలను బట్టి ముందే తేల్చి చెక్‌లిస్టులో రాయాలి. తేల్చకుండా వదిలేస్తే అందరూ గ్లవ్స్‌తోనే తాకి "వేడి మామూలే" అని రాసేస్తారు.

మిగతా రంగుల సంగతీ ఇంతే. పాలిపోవడం గోధుమరంగు చర్మంలో పసుపు గోధుమగా, బాగా నల్లటి చర్మంలో బూడిదరంగుగా కనిపిస్తుంది. కాబట్టి కింది కనురెప్ప లోపలి పొర, నోటి లోపలి పొర, అరచేతి గీతలు చూడాలి. సైనోసిస్‌కు (ఆక్సిజన్ తగ్గి నీలంగా మారడానికి) నాలుక, పెదవి లోపలివైపు చూడాలి. కామెర్లకు కంటి తెల్లగుడ్డు చూడమంటాం. అయితే ముదురు చర్మం ఉన్న కొందరిలో తెల్లగుడ్డు అంచుల్లో కొవ్వు వల్ల సహజంగానే కాస్త పసుపు ఉంటుంది. అందుకని నల్లగుడ్డు పక్కనే ఉన్న భాగాన్నీ, అంగిలినీ చూడాలి. ఐవీ పెట్టినచోట ఫ్లెబైటిస్ (సిర వాపు) స్కోరు ఎరుపుతో మొదలవుతుంది. ఎరుపు కనిపించకపోతే సున్నా వేసేస్తారు, కానీ నొప్పి, వాపు, వెచ్చదనం, సిర తాడులా చేతికి తగలడం అప్పటికే ఉండవచ్చు. పుట్టిన వెంటనే శిశువు పరిస్థితిని చూడటానికి వర్జీనియా అప్గార్ 1952లో రూపొందించిన స్కోరులో రంగుకు రెండు మార్కులు, పూర్తి మార్కులకు శిశువు ఒళ్లంతా గులాబీ రంగులో ఉండాలి. లేబర్ రూమ్ పోస్టింగ్‌కు పంపేముందే నోటి లోపలి పొర, అరచేతులు, అరికాళ్లు చూడటం నేర్పకపోతే ఆ రెండు మార్కులు ఎవరికి ఎలా వేస్తారో చెప్పలేం.

ల్యాబ్ కోసం ముదురు రంగు మానిక్విన్ కొనడం మంచిదే. కానీ కొన్నాక జరిగే పొరపాటు ఒకటుంది. లేత మానిక్విన్‌కు వాడే ఎర్ర మేకప్పే దానికీ పూస్తారు. అది ఎర్రగా మెరుస్తూ ఏ రోగిలోనూ కనిపించని గుర్తును నేర్పుతుంది. ఊదా, ముదురు గోధుమ, బూడిద రంగులు వాడాలి. మొదటి దశ చూపించాలంటే రంగు తేడా చాలా తక్కువగా ఉంచి, చర్మం కింద మెత్తటి జెల్ ప్యాడ్ గానీ గోరువెచ్చటి ప్యాక్ గానీ పెట్టాలి. అప్పుడు చేయి పెట్టనివాళ్లకు జవాబు దొరకదు.

పరికరాల విషయంలో విద్యార్థులకు ఇంకో తరహా అమాయకత్వం ఉంటుంది. అంకె కనిపిస్తే నమ్మేస్తారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ ఎర్ర కాంతినీ, ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిగుండా పంపి ఎంత శోషించబడిందో చూసి లెక్క కడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని శోషిస్తుంది. క్యాలిబ్రేషన్‌కు తీసుకున్నవాళ్లలో లేత చర్మం వాళ్లే ఎక్కువైతే లెక్క అటే మొగ్గుతుంది. 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, మీటరు 92 నుంచి 96 శాతం చూపించినప్పుడు ధమని రక్తంలో నిజంగా 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. ఈ అంకెలు చెప్పి వదిలేస్తే విద్యార్థులు మీటరునే నమ్మడం మానేస్తారు, అదీ ప్రమాదమే. నేర్పాల్సింది నిర్ణయం: రీడింగు 93, శ్వాస నిమిషానికి 28, రోగి పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారు. అప్పుడేం చేస్తావు? "93 ఉంది కాబట్టి గమనిస్తా" అంటే ఫెయిల్. డాక్టరుకు చెప్పి, ధమని రక్త పరీక్ష గురించి అడిగి, రీడింగు ఎటు పోతోందో గమనిస్తూ ఉంటానంటే పాస్.

బీపీ కఫ్ ఇంకా సూటి ఉదాహరణ. కఫ్ బ్లాడర్ (లోపల గాలి నిండే సంచి) వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలని అందరూ బట్టీపడతారు. టేప్ పెట్టి కొలిచేవాళ్లు ఎందరు? చుట్టుకొలత 22 నుంచి 26 సెం.మీ. అయితే చిన్న అడల్ట్ కఫ్, 27 నుంచి 34 అయితే మామూలుది, 35 నుంచి 44 అయితే పెద్దది, 45 నుంచి 52 అయితే అంతకంటే పెద్దది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, అన్నిటికంటే పెద్ద కఫ్ కావాల్సినవాళ్లకు మామూలు కఫ్ కడితే పై బీపీ సగటున 19.5 ఎక్కువ చూపించింది. పెద్దది కావాల్సినవాళ్లకు 4.8 ఎక్కువ. బక్కపలచగా ఉండి చిన్న కఫ్ కావాల్సినవాళ్లకు 3.6 తక్కువ. అంటే వార్డులో అందరికీ ఒకే కఫ్ కట్టి "నేను అందరినీ సమానంగా చూశాను" అన్నవాళ్లు ఒకరికి లేని రక్తపోటు అంటగట్టారు, ఇంకొకరికి ఉన్నదాన్ని కొంత దాచారు. సమానంగా చూడటానికీ సమన్యాయానికీ మధ్య తేడా చెప్పడానికి స్లైడ్లు అక్కర్లేదు, ఒక టేపు, నాలుగు కఫ్‌లు చాలు.

వీల్‌చెయిర్‌లో వచ్చిన రోగి బరువు "సుమారు 60" అని రాయడమూ ఇలాంటిదే. హెపారిన్ లాంటి మందు డోసు బరువును బట్టి లెక్కిస్తారు. వీల్‌చెయిర్ తూకం, హాయిస్ట్ (రోగిని ఎత్తే పరికరం) తూకం ల్యాబ్‌లో చూపించకపోతే "సుమారు" అనే అలవాటు అక్కడే పుడుతుంది. జెండర్ మార్పు సర్జరీ చేయించుకున్న ట్రాన్స్ మహిళకు ప్రొస్టేట్ గ్రంథి సాధారణంగా అలాగే ఉంటుంది. మూత్రం ఆగిపోయి వస్తే ఆ సంగతి గుర్తురావాలి. హిస్టరీ ఫారంలో పేరు, ఎలా పిలవాలి, శరీరంలో ఏ అవయవాలున్నాయి అన్నవి వేర్వేరు గడులుగా ఉంటే అది గుర్తొస్తుంది. మూత్రపిండాల పనితీరును అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ ఫార్ములాలో నల్లజాతివాళ్లకు 1.159తో గుణించేవారు. దాంతో కిడ్నీ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించేది. 2021లో జాతి ప్రస్తావన లేని ఫార్ములా వచ్చింది. పాత స్లైడ్లలో ఇంకా పాతదే ఉంటే తీసేయండి.

భాష దగ్గర ఆగాలి. దుబాసీ సహాయం గురించి ఒక గంట లెక్చర్ కంటే పది నిమిషాల ఓస్కీ స్టేషన్ ఎక్కువ నేర్పుతుంది. స్టేషన్ ఇలా కట్టవచ్చు. రోగి విద్యార్థికి రాని భాష మాట్లాడతారు. పక్కన పన్నెండేళ్ల కూతురు ఉంటుంది, ఆ పిల్లకు రెండు భాషలూ వచ్చు. బల్లమీద దుబాసీ ఫోను లైను నంబరు ఉంటుంది. పని: రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర గురించి చెప్పి ఇంటికి పంపడం. మొత్తం 20 మార్కులు. పిల్లతో చెప్పించకుండా దుబాసీని పిలిస్తే 3. ఏం మాట్లాడబోతున్నామో దుబాసీకి ముందు రెండు ముక్కల్లో చెబితే 2. ఫోను స్పీకరులో పెట్టి, రోగికి ఎదురుగా కూర్చుంటే 1. "ఆయన్ని అడగండి" అనకుండా రోగినే చూస్తూ "మీరు" అని మాట్లాడితే 3. ఒకసారికి ఒకటి రెండు చిన్న వాక్యాలే చెప్పి ఆగితే 3. అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకుంటే 5. ఏ భాషలో, ఎవరి ద్వారా, ఏం చెప్పారో చార్టులో రాస్తే 3.

ఎక్కువమంది పోగొట్టుకునేది ఆ ఐదు మార్కులే. "అర్థమైందా అండీ?" అంటారు. రోగి తల ఊపుతారు. విద్యార్థి సంతోషంగా లేచిపోతారు. అడగాల్సింది ఇలా: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలండీ. ఒక రోజు మాత్ర మర్చిపోయారనుకోండి, అప్పుడు ఏం చేస్తారో నాకొకసారి చెప్పండి." రోగి పాత్ర వేసేవారికి ముందే నేర్పి పెట్టాలి, మొదటిసారి అడిగితే "మర్నాడు రెండు కలిపి వేసుకుంటాను" అనాలని. ఆ తప్పు పట్టుకుని, మళ్లీ చెప్పి, మళ్లీ చెప్పించుకుంటేనే పాస్. పట్టుకోకపోతే మిగతా 15 మార్కులొచ్చినా స్టేషన్ ఫెయిల్ అని పెట్టాలి. వార్ఫరిన్ రెండింతలు పడితే రక్తస్రావమయ్యే ప్రమాదముంది కాబట్టి ఈ కాఠిన్యం అన్యాయమేమీ కాదు.

పిల్ల చేత చెప్పిస్తే తప్పేమిటని విద్యార్థులు అడుగుతారు. అడగనివ్వండి. 2012లో గ్లెన్ ఫ్లోరెస్ బృందం అమెరికాలో పిల్లల ఎమర్జెన్సీ విభాగాల్లో మాటల్ని రికార్డు చేసి తప్పులు లెక్కపెట్టింది. వైద్యం మీద ప్రభావం చూపగల తప్పుల వాటా శిక్షణ ఉన్న దుబాసీలతో 12 శాతం, అప్పటికప్పుడు దొరికిన బంధువులు, సిబ్బందితో 22 శాతం, దుబాసీయే లేనప్పుడు 20 శాతం. అంటే ఎవరో ఒకరు ఉన్నారు కదా అనుకోవడం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. వంద గంటలు, అంతకంటే ఎక్కువ శిక్షణ పొందిన దుబాసీలతో ఆ వాటా 2 శాతానికి పడిపోయింది. ఇది కాక, అమ్మ గర్భం గురించో నాన్న మూత్రం గురించో పన్నెండేళ్ల పిల్ల నోట చెప్పించడంలోని ఇబ్బంది ఎలాగూ ఉంది.

హ్యాండోవర్‌లో (షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలు అప్పగించడంలో) వాడే మాటల గురించి విడిగా ఒక సెషన్ పెట్టవచ్చు, ముప్పావుగంట చాలు. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఒకే సికిల్‌సెల్ (తీవ్రమైన నొప్పులు తెచ్చే రక్త వ్యాధి) రోగి గురించి రెండు రకాల నోట్స్ రాసి మెడికల్ విద్యార్థులకూ రెసిడెంట్లకూ ఇచ్చారు. ఒకటి మామూలు భాషలో, ఇంకోటి అనుమానం, చులకన ధ్వనించే భాషలో. రెండోది చదివినవాళ్లకు రోగి మీద చెడు అభిప్రాయం ఏర్పడింది, నొప్పికి తక్కువ మందు సూచించారు. క్లాసులో చేయాల్సింది: పేర్లు తీసేసిన పాత నోట్సు ఇచ్చి తిరగరాయించడం. "నొప్పి ఉందంటున్నాడు" అన్నది "నొప్పి 8/10, నడుము కింద, నిన్న రాత్రి నుంచి" అవుతుంది. "నాన్ కంప్లయంట్" (చెప్పినట్టు మందు వాడరు) అన్నది "వారంలో మూడు రోజులే మాత్ర వేసుకున్నారు, మిగతా రోజులకు డబ్బు సరిపోలేదు" అవుతుంది. రెండో వాక్యం మర్యాదగా ఉండటం ఒక్కటే కాదు, దానిమీద ఏం చేయాలో కూడా తెలుస్తుంది. సోషల్ వర్కరును పిలవాలి, చవకైన మందు ఉందేమో డాక్టరును అడగాలి. మొదటి మాట మీద ఎవరూ ఏమీ చేయలేరు.

కేస్ షీట్లు, స్లైడ్లు కూడా ఒకసారి ఏరాలి. ప్రతి బొమ్మకూ చర్మం రంగు, వ్యాధి అని రెండు కాలమ్‌లు వేసి లెక్క పెట్టండి. ముదురు చర్మం బొమ్మలు లైంగిక వ్యాధుల దగ్గరే గుమిగూడి, మామూలు దద్దుర్ల దగ్గర లేకపోతే అదీ ఒక పాఠమే, ఎవరూ ఉద్దేశించకుండా చెప్పే పాఠం. కేసుల్లో పేదరికం, వలస, వికలత్వం ఎప్పుడు ప్రస్తావనకు వస్తున్నాయో చూడండి. మందులు మానేసిన రోగి దగ్గర మాత్రమే వస్తుంటే, గుండెపోటు రోగి ఎప్పుడూ ఆఫీసరే అవుతుంటే, కేసులు తిరగరాయాలి. నియమం ఒకటే: ఆ వివరం నర్సు తీసుకునే నిర్ణయాన్ని మారుస్తుందా? మార్చకపోతే అందరికీ రాయండి, లేదా ఎవరికీ రాయకండి.

ఇక పనిచేయని పద్ధతులు. దాగిన పక్షపాతాన్ని కొలిచే పరీక్ష ఒకటి చేయించి, ఒక పూట వర్క్‌షాప్ పెట్టి ముగించేవాళ్లున్నారు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం అలాంటి పక్షపాతాన్ని తగ్గించే 9 పద్ధతుల్ని పరీక్షిస్తే, అన్నీ ఆ వెంటనే పనిచేశాయి, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల తర్వాత చూస్తే ఒక్కటీ నిలవలేదు. అందుకే నాకు మనసులు మార్చే వర్క్‌షాప్ కంటే కఫ్ కొలిచే అలవాటు మీదే నమ్మకం. విద్యార్థుల్ని వరసలో నిలబెట్టి "ఇంట్లో పుస్తకాలున్నవాళ్లు ఒక అడుగు ముందుకు" అనే ఆట మరీ చెడ్డది. వెనక మిగిలిన ఇద్దరు ముగ్గురు అందరికీ ప్రదర్శన వస్తువులవుతారు. ముందున్నవాళ్లు నేర్చుకునే పాఠానికి వాళ్లు మూల్యం చెల్లిస్తారు. "మీ వాళ్లలో ఎలా చేస్తారో చెప్పమ్మా" అని క్లాసులో ఒకరిని లేపడమూ ఆ కోవలోదే.

విద్యార్థుల మాట వచ్చింది కాబట్టి: సమన్యాయం గురించి చెప్పే కాలేజీ తన మార్కుల పద్ధతిని చూసుకోవాలి. క్లినికల్ ఎవాల్యుయేషన్ షీట్‌లో "వైఖరి: 10 మార్కులు" అని ఒక గడి ఉంటుంది. కింద వివరణ ఉండదు. ఇష్టాయిష్టాలన్నీ అక్కడే ఇల్లు కట్టుకుంటాయి. తక్కువ మాట్లాడే విద్యార్థికి, యాస వేరుగా ఉన్న విద్యార్థికి మార్కులు పోయేది అక్కడే. ఆ గడిని చేతలుగా విడగొట్టండి: షిఫ్టు మొదలయ్యే సమయానికి హాజరు, రోగికి పేరు చెప్పి పరిచయం చేసుకోవడం, తెలియనిది అడగడం, తప్పు జరిగితే వెంటనే చెప్పడం. ప్రశ్నపత్రాల్లో "కిందివాటిలో నర్సు చేయకూడనిది కానిది ఏది" లాంటివి తీసేయండి. అవి నర్సింగ్‌ను కాకుండా వాక్యం విప్పే నేర్పును పరీక్షిస్తాయి. ఆ మాధ్యమంలో చదవనివాళ్లకు అది అదనపు పరీక్ష. మందుల పేర్లు, క్లినికల్ పదాలు మాత్రం సులభం చేయకూడదు, అవి నేర్వాల్సినవే.

రోగి విద్యార్థిని వద్దంటే? రంగు, పుట్టుక, మతం, యాస చూసి "ఈ పిల్ల నన్ను ముట్టుకోవద్దు" అన్నప్పుడు ఏం చేయాలో రాతపూర్వకంగా లేని చోట విద్యార్థి కారిడార్‌లో ఒంటరిగా నిలబడుతుంది. రాసి ఉంచాల్సింది పెద్దదేమీ కాదు. ప్రాణాపాయం ఉంటే చికిత్స ఆగదు. లేకపోతే ట్యూటరో ఇన్‌ఛార్జో వచ్చి రోగితో మాట్లాడతారు, విద్యార్థి మాట్లాడక్కర్లేదు. "ఈమె మా బృందంలోని విద్యార్థి. ఈ పని ఈమెకు వచ్చు, నేను పక్కనే ఉంటాను" అని ఒక వాక్యం. రోగి ఒప్పుకోకపోతే ఉండాలా, మారాలా అని విద్యార్థినే అడిగి నిర్ణయించాలి. మారినందుకు పోస్టింగ్ గంటలు గానీ మార్కులు గానీ తగ్గకూడదు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. కేథటర్ వేయడానికి మగ నర్సు వద్దని ఒక స్త్రీ అడగడం ఈ లెక్కలోకి రాదు. సిగ్గు, మునుపటి హింస అనుభవం, విశ్వాసం, కారణం ఏదైనా కావచ్చు, వీలైనంతవరకు మన్నించాలి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టే కాలేజీలు రోగులకూ విద్యార్థులకూ కూడా అన్యాయం చేస్తాయి.

సిలబస్‌లో గంటలు లేవన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అభ్యంతరం. పైన చెప్పినవాటిలో చాలావాటికి కొత్త గంట అక్కర్లేదు. చర్మం ఫిజికల్ అసెస్‌మెంట్‌లో ఉంది, కఫ్ నాడి, బీపీ లాంటి వైటల్ సైన్ల పాఠంలో ఉంది, వార్ఫరిన్ ఫార్మకాలజీలో ఉంది. మారాల్సింది చెక్‌లిస్టులో లైన్లు. అసలు కష్టం వేరేచోట ఉంది: ట్యూటర్లకే ఇవి ఎవరూ నేర్పలేదు. వాళ్లకు ముందు నేర్పకుండా విద్యార్థుల చెక్‌లిస్టు మారిస్తే, ఓస్కీలో ఎగ్జామినర్ "ఎరుపు చూశావా?" అని పాత ప్రశ్నే అడుగుతారు. కాబట్టి స్టేషన్ పెట్టే ముందు ఎగ్జామినర్లే ఒకసారి ఆ స్టేషన్ చేయాలి, మార్కులు విడివిడిగా వేసి పోల్చుకోవాలి.

పాఠం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారం పనికిరాదు. అందులో అందరూ బాగుందనే రాస్తారు. కాలేజీకి అనుబంధంగా ఉన్న వార్డులో, ప్రెషర్ ఇంజురీ మొదటిసారి చార్టులోకి ఎక్కినప్పుడు ఏ దశలో ఉందో రాసుకోండి, పక్కన చర్మం రంగు కూడా. రంగుకు పది ఛాయలున్న మాంక్ స్కేలు వాడవచ్చు, ఎండ తగలని పైచేయి లోపలివైపు చూసి వేయాలి. ముదురు చర్మం రోగుల్లో మొదటి నమోదే రెండో దశ అవుతూ, లేత చర్మం రోగుల్లో మొదటి దశలోనే దొరుకుతుంటే, క్లాసులో ఏం చెప్పినా వార్డులో ఎవరూ చేయి పెట్టి చూడటం లేదన్నమాట. ఒక వార్డులో నెలకు కేసులు కొన్నే ఉంటాయి కాబట్టి ఏడాది లెక్క కలిపి చూడాలి, బ్యాచ్ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి.